ఏడో నంబరు గదిలోంచి జవాబు

కరోనెట్ థియేటర్ పై అంతస్తులో ఏడో నంబరు గది మంచిది కాదు. ఆ మాట మా ఊళ్ళో ఇప్పుడు చిన్నపిల్లలు కూడా అంటున్నారు.

బ్రిడ్లింగ్టన్‌లో చలికాలం నాటకాలు చూసేవాళ్ళు తక్కువ, నాటకాలవాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువ. చేపల మార్కెట్లో విన్నాను. ఆ గది తలుపు తడితే లోపలినుంచి మనిషి పలుకుతాడట. తీసి చూస్తే ఎవరూ ఉండరట. కుర్చీ, అద్దం, అద్దం చుట్టూ ఆరిపోయిన బల్బులు... అంతేనట. లీడ్స్ నుంచి వచ్చిన కొత్త నటుడు ఒక్క సాయంత్రం అందులో ఉండి, మర్నాడు పెట్టె తీసుకుని కింద చీపుళ్ళు పెట్టే గదిలోకి మారిపోయాడట.

"నీ కూతురు పనిచేసేది అక్కడే కదా ఆగ్నెస్?" అంది చేపలమ్మే హెట్టీ, చేప తల నరుకుతూ. "ఏమంటుంది?"

"ఏమీ అనదు."

అబద్ధం కాదు. ఎనిడ్ ఏమీ అనడం మానేసి అప్పటికే చాలా రోజులయింది.

నేను నటులకి గదులు అద్దెకిస్తాను. మా అమ్మా అదే చేసింది. ఆట అయ్యాక వేడి భోజనం, గదిలో బొగ్గుల వెచ్చదనం, పొద్దున్నే లేపకపోవడం. ఇవి ఉంటే నటుడు మరో ఇల్లు వెతుక్కోడు. మా ఇంట్లో దిగిన ప్రతివాడూ నన్ను 'అమ్మా' అనే పిలుస్తాడు, నాకంటే ఎంత పెద్దవాడైనా సరే.

ఆంబ్రోస్ థర్కెల్ అలాగే పిలిచేవాడు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. చెప్పడానికి ఆయనకి ఇంకెవరూ లేరు.

హాలిఫాక్స్‌లో తివాచీల మిల్లు కార్మికుడి కొడుకు. మిల్లులో చేరాల్సిన రోజున, ఊరు విడిచి పోతున్న నాటకాల కంపెనీ వెంట రైలెక్కేశాడు. మొదటి వేషం ఇద్దరు మనుషులు దూరే గుడ్డ గుర్రం. అదీ వెనక కాళ్ళు.

"ముందు కాళ్ళవాడు తాగుబోతమ్మా," అనేవాడు నా వంటింట్లో కూర్చుని. "అతనెటు తూలితే నేనూ అటే తూలాలి. నటన అంటే ఏమిటో ఆ గుర్రం కడుపులోనే నేర్చుకున్నాను."

తర్వాత కబురు తెచ్చే భటుడు. తర్వాత హీరోగారి స్నేహితుడు. ఒకటి రెండు ఊళ్ళలో హీరో. ఆదివారం వచ్చిందంటే పెట్టె సర్దుకుని ఇంకో ఊరు. ఈ దేశంలో ఆదివారం రైళ్ళలో తిరిగేవి చేపలూ నటులూ మాత్రమే అనేవాడు, అదీ నవ్వుతూనే. లండన్‌లో ఒకే ఒక్కసారి ఆడాడు. ఆ నాటకం వారం తిరక్కుండా మూసేశారు. పేపర్లో అందరి గురించీ రాసి ఈయన పేరు వదిలేశారు.

"తిట్టినా బాగుండేదమ్మా," అన్నాడు ఒకసారి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పెళ్ళాడిన పాటగత్తె బ్లాక్‌పూల్లో వేరే ఎవరితోనో ఆగిపోయింది. యుద్ధంలో లారీల మీద నిలబడి సిపాయిలకి నాటకాలాడాడు. దగ్గర్లో ఏదో పేలిందట. ఆ కథ మొదలుపెట్టేవాడే కానీ పూర్తి చేసేవాడు కాదు. యుద్ధమయ్యాక మా ఊరొచ్చి కరోనెట్‌లో చేరాడు. వారానికో కొత్త నాటకం. జడ్జీ, పాదిరీ, ముసలి నౌకరు, చచ్చిపోతూ ఆస్తి రాసే బాబాయి. "ఇప్పుడు జుట్టుకి పౌడరు ఖర్చు లేదు," అనేవాడు నెరిసిన తల చూపిస్తూ.

వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. తర్వాత వచ్చి, "మాటలు నెమరేసుకుంటున్నానమ్మా," అనేవాడు. గర్వం అనుకున్నాను. నటులన్నాక ఉంటుందిలే అనుకున్నాను.

మా ఆయన సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి ఎనిడ్ చిన్నపిల్ల. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాటకం పుస్తకం చేతికిచ్చి, అవతలివాళ్ళ మాటలు చదవమనేవాడు ఆంబ్రోస్. "తలెత్తి చదువు తల్లీ. నా మొహం చూసి చదువు," అనేవాడు. అలా అలవాటై ఎనిడ్ థియేటర్లోనే పనిలో చేరింది. రంగస్థలం మేనేజరుకి సాయం. అంటే కుర్చీలు సర్దడం, టీ పెట్టడం, తలుపులు తట్టడం.

తలుపులు తట్టడమంటే... తెర లేవడానికి ముందు ఒక్కో నటుడి గదికీ వెళ్ళి తట్టి, "అరగంటండీ!" అని కేకెయ్యాలి. లోపలివాళ్ళు "థాంక్యూ" అనాలి. తలుపు తియ్యకూడదు, బట్టలు మార్చుకుంటుంటారు. జవాబు వచ్చిందా, మనిషి ఉన్నట్టే. నాటకాలవాళ్ళకి ఆ 'థాంక్యూ' ముందు చర్చిలో చేసే ప్రమాణం కూడా దిగదుడుపే.

ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా విన్నాను.

కోర్టు నాటకం. ఆంబ్రోస్ జడ్జి. ఎనిడ్ పైకి వెళ్ళింది. పై అంతస్తులో రెండే గదులు. చివరిది ఏడు, ఆంబ్రోస్‌ది. దాని ఇవతల ఆరు, ఇంకో నటుడు సిరిల్ బార్‌స్టోది. ఎప్పుడూ ముందు చివరి గది తట్టి, తిరిగి వస్తూ ఆరు తడుతుంది.

"అరగంటండీ, థర్కెల్ గారూ!"

"థాంక్యూ తల్లీ."

కిందికి దిగింది. తెర లేచింది. మొదటి అంకం చివర జడ్జిగారు లోపలికి రావాలి. తలుపు తెరుచుకుంది... ఎవరూ రాలేదు. అప్పుడు వేదిక మీద ఉన్నది సిరిల్. లాయరు వేషం. ఊళ్ళో పొగమంచు గురించీ, జడ్జిగారి గుర్రబ్బండి గురించీ లేని మాటలు కల్పించి కల్పించి చెప్పాడట. జనం నవ్వారట. ఆఖరికి తెర దించేశారు.

ఆంబ్రోస్ అద్దం ముందు కూర్చునే ఉన్నాడు. ఒక కనుబొమ్మ దిద్దుకున్నాడు. రెండోది దిద్దుకోలేదు. పెన్సిల్ వేళ్ళ మధ్యే ఉంది.

డాక్టరు చెయ్యి పట్టుకు చూసి, పోయి చాలాసేపయిందన్నాడు. అరగంట కేక కంటే ముందే పోయాడన్నాడు.

మేనేజరు పెన్‌హేల్ అందరి ముందూ ఎనిడ్‌ని నిలబెట్టాడు.

"మరి నీకు పలికిందెవరు?"

"ఆయనే సార్."

"చచ్చినవాడు థాంక్యూ చెప్పాడా? మెట్లెక్కడానికి బద్ధకమేసింది, ఆ మాట చెప్పు. నువ్వు వెళ్ళి తట్టి ఉంటే ముసలాయన్ని అప్పుడే చూసేవాళ్ళం."

"వెళ్ళాను సార్. పలికారు."

ఎవరూ నోరు విప్పలేదు. సిరిల్ కూడా. తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడట.

పాతిపెట్టాం. వాన పడింది. హాలిఫాక్స్ నుంచి ఎవరూ రాలేదు.

ఆ తర్వాత వచ్చిన సోమవారం ఎనిడ్ మళ్ళీ పై అంతస్తు ఎక్కింది. ఆరో గదికే వెళ్ళాలి. కాళ్ళు అలవాటు కొద్దీ చివరిదాకా నడిచాయి. చెయ్యి అలవాటు కొద్దీ తట్టింది. నోరు అలవాటు కొద్దీ అంది — "అరగంటండీ."

ఏడో గదిలోంచి...

"థాంక్యూ తల్లీ."

ఇదంతా ఎనిడ్ నాకు అప్పుడు చెప్పలేదు. అన్నం మానేసింది. వండినవన్నీ కుక్కకి వేసేదాన్ని. పిలిస్తే ఉలిక్కిపడేది. ఎవరైనా థాంక్యూ అంటే లేచి వెళ్ళిపోయేది. ఒకరోజు నా ఒళ్ళో తల పెట్టి, గోడకేసి చూస్తూ చెప్పింది.

"రోజూ తడుతున్నానమ్మా. రోజూ పలుకుతున్నాడు. ఆ రాత్రి కూడా పలికాడు. బతికే ఉన్నాడేమో... నేను తలుపు తియ్యాల్సిందేమో..."

డాక్టర్ వైట్‌లా వచ్చి చూశాడు. నన్ను వసారాలోకి పిలిచాడు.

"లేని గొంతులు వినబడుతున్నాయి, మిసెస్ ఓల్డ్‌రాయ్డ్. ఈ వారం చూద్దాం. తగ్గకపోతే ఆసుపత్రికి పంపించక తప్పదు."

ఏ ఆసుపత్రో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఊరవతల ఎత్తు గోడలది. మా వీధిలో ఒకామె వెళ్ళింది. తిరిగొచ్చాక తన పేరు తనకి తెలియలేదు.

ఏడవలేదు. ఏడుపు రాలేదు. గిన్నెలు కడిగేసి, కోటు వేసుకుని, థియేటర్ వెనక తలుపులోంచి లోపలికి వెళ్ళాను.

పై అంతస్తులో బట్టలు వేలాడే కర్ర వెనక నిలబడ్డాను. చీకటి. పాత ఉన్ని వాసన. కింద ఎవరో మేకులు కొడుతున్నారు. కాసేపటికి ఆగింది.

ఎనిడ్ వచ్చింది. నన్ను చూడలేదు. చివరిదాకా నడిచింది. తట్టింది.

"అరగంటండీ..."



"థాంక్యూ తల్లీ."

ఆంబ్రోసే. నా వంటింట్లో వినే గొంతే.

ఎనిడ్ తలుపుకి నుదురు ఆనించి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆరో గది తట్టింది. సిరిల్ తన మామూలు గొంతుతో థాంక్యూ అన్నాడు. ఎనిడ్ దిగిపోయింది.

పారిపోవాలి. పారిపోలేదు. నాకూ వినబడింది... అంటే నా కూతురు పిచ్చిది కాదు. దెయ్యమైతే దెయ్యమే కానీ. పిచ్చి మాత్రం కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్ళి ఏడో గది తలుపు తోశాను.

కుర్చీ. అద్దం. ఎవరూ లేరు.

చెయ్యి కడుక్కునే తొట్టి కింద, గొట్టం గోడలోకి పోయే చోట ఒక కన్నం ఉంది. అందులోంచి వెలుతురు వస్తోంది. వెలుతురుతోపాటు ఇంకొకటి కూడా. ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నారు.

ఆరో గది తలుపు తట్టకుండానే తీశాను. సిరిల్ బనీను మీద ఉన్నాడు. తొట్టి పక్కన, నేల మీద, మోకాళ్ళ మీద.

"తలుపు తట్టరా అమ్మా?" అన్నాడు.

"తడితే ఏ గొంతుతో పలుకుతావు?"

సిరిల్ మొహం తుడుచుకున్నాడు.

ఆట అయ్యాక మా వంటింటికి రమ్మన్నాను. వచ్చాడు. మాంసం పులుసు వడ్డించాను. ముట్టుకోలేదు. ఎనిడ్ ఎదురుగా కూర్చుంది.

"ఆంబ్రోస్‌కి చెవుడు," అన్నాడు సిరిల్. "యుద్ధం నుంచీ. ఈమధ్య పూర్తిగా పోయింది."

"నాటకంలో ఒక్కసారి కూడా తడబడలేదే!" అంది ఎనిడ్.

"మా పెదాలు చూసి చెప్పేవాడు. నా మీసాలు నాకెంత ముద్దో నీకు తెలుసుగా? గీయించేశాడు మహానుభావుడు. 'నీ మీసం వెనక ఏమంటున్నావో కనబడ్డంలేదురా' అని. చెవుడని తెలిస్తే మర్నాడే పెట్టె సర్దుకోమంటారు. ఆ వయసులో ఎక్కడికెళ్తాడు? నువ్వు తట్టేది తనకి వినబడదు. అందుకని ఆ కన్నంలోంచి నేనే పలికేవాణ్ణి, వాడి గొంతుతో. తర్వాత గోడ మీద గుద్దేవాణ్ణి. వాడి బల్ల అదిరేది. అరచేత్తో వినేవాడు. తిరిగి గుద్దేవాడు."

"ఆ రాత్రి?"

"పలికాను. గుద్దాను." ఆగాడు. "తిరిగి గుద్దలేదు. కునుకు తీస్తున్నాడనుకున్నాను... నాకు ఆలస్యమవుతోందని దిగిపోయాను."



"పెన్‌హేల్ నన్ను అందరి ముందూ కడిగేస్తుంటే పక్కనే ఉన్నారు అంకుల్."

"ఉన్నాను."

"ఆయన పోయాక కూడా ఎందుకు పలికారు?"

"నీ చెయ్యి ఎందుకు తట్టింది? నా నోరూ అంతే. మర్నాడు చెబుదామనుకున్నాను. నువ్వు మళ్ళీ వచ్చి తట్టావు. పలక్కపోతే... వాణ్ణి నేనే రెండోసారి చంపినట్టు అనిపించింది."

"తెరవాల్సినప్పుడు నోరు తెరవరు. మూసుకోవాల్సినప్పుడు చచ్చినాయన గొంతుతో మాట్లాడతారు." అంది ఎనిడ్. "డాక్టరు నన్ను ఎక్కడికి పంపబోయాడో తెలుసా మీకు?"

రొట్టె ముక్క తీసి ఆయన మీదికి విసిరింది. అది ఆయన ముక్కుకి తగిలి పులుసులో పడింది. సిరిల్ కదల్లేదు. ఎనిడ్‌కి నవ్వొచ్చింది. నవ్వు కాస్తా ఏడుపయింది. తర్వాత నా కంచం లాక్కుని నాది తినేసింది. నేను చూస్తూ కూర్చున్నాను.

సిరిల్ వెళ్ళబోతుంటే అంది.

"రేపు ఇంకొక్కసారి పలకండి అంకుల్. మీరని తెలిసి వినాలి. అప్పటిగ్గానీ నా చెవులు నమ్మవు."

"సరే తల్లీ."

"అలా కాదు. ఆయన గొంతుతో."

"రేపు," అన్నాడు సిరిల్, టోపీ పెట్టుకుంటూ.

మర్నాడు పొద్దున్నే ఆయన పెన్‌హేల్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేశాడు. పెన్‌హేల్ ఎనిడ్‌ని పిలిచి, సగం నోటితో పొరపాటయిందన్నాడు. డాక్టర్ వైట్‌లాకి నేను కబురు పంపాను, ఇక రానక్కర్లేదని. మధ్యాహ్నం సిరిల్ పన్ను పీకించుకోవడానికి రైల్లో హల్ పట్నానికి వెళ్ళాడు.

సాయంత్రానికి సముద్రం మీదినుంచి పొగమంచు వచ్చింది. వీధి దీపాలు కనబడలేదు. "నువ్వు కూడా రా అమ్మా," అంది ఎనిడ్. వెళ్ళాను. పై అంతస్తు మెట్ల దగ్గరే ఆగిపోయాను. ఎనిడ్ ఒక్కతే చివరిదాకా నడిచింది. ఈసారి దాని నడకలో తొందర ఉంది, చిన్నప్పుడు ఆయనకి పుస్తకం చదివి వినిపించడానికి పరిగెత్తినట్టు.

తట్టింది.

"అరగంటండీ, థర్కెల్ గారూ!"

"థాంక్యూ తల్లీ." కాస్త ఆగి, మెల్లగా, సంతోషంగా — "ఇవాళ వినబడింది."

ఎనిడ్ పకపకా నవ్వింది. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. అయిపోయింది. ఆరో గది తట్టే పని కూడా పెట్టుకోలేదు ఎనిడ్. ఎందుకు తట్టాలి? మనిషి ఇప్పుడేగా పలికాడు.

కింద వీధి తలుపు ధన్‌మని తెరుచుకుంది.

ఎవరో మెట్లు రెండేసి ఎక్కుతూ వస్తున్నారు. కోటు మీద మంచు తడి. బుగ్గ వాచి ఉంది. నోటికి రుమాలు. నన్ను చూసి ఆగాడు.

"రైలు... మంచులో ఆపేశాడమ్మా..." సిరిల్‌కి ఊపిరి అందడంలేదు. "నా జన్మలో అరగంట కేకకి ఆలస్యం కాలేదు. పిల్ల తట్టేసిందా? పలకలేదని బాధపడిందా?"

నేను ఆయన మొహం చూశాను. రుమాలు మీద రక్తం చూశాను. ఆయన వెనక ఖాళీ మెట్లు చూశాను.

చివరి గది వైపునుంచి ఎనిడ్ అడుగులు ఇటే వస్తున్నాయి.

సిరిల్ కోటు పట్టుకుని లాగి, బట్టలు వేలాడే కర్ర వెనక్కి తోశాను. నోటి మీద నా చెయ్యి పెట్టాను. "ఇందాకే వచ్చావు," అన్నాను ఆయన చెవిలో. "గదిలోనే ఉన్నావు. పలికింది నువ్వే. ఆఖరిమాట కూడా నీదే. బతికున్నంత కాలం."

ఏమీ అర్థంకాక కళ్ళు పెద్దవి చేశాడు. తర్వాత అర్థమైంది. నా చేతి కింద ఆయన పెదాలు చల్లబడ్డాయి.

నేను వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాను.

ఎనిడ్ బుగ్గలకి రంగొచ్చింది. ఎన్నాళ్ళయిందో ఆ రంగు చూసి.

"విన్నావా అమ్మా? చెవిటాయన గొంతుతో 'ఇవాళ వినబడింది' అట! తన సొంత మాట ఒకటి కలిపాడు చూడు. ఊరికే ఉండలేరు ఈ నటులు."

"ఉండలేరు," అన్నాను. "పద. కింద నీ కోసం చూస్తుంటారు."